పాఠ్యభాగం 8: చిన్నపిల్లలకు అగ్ని భద్రత బోధన – చారిత్రక పరిణామం

విషయక్రమం
8.0 లక్ష్యాలు
8.1 పరిచయం
8.2 భయపెట్టి చెప్పిన కాలం
8.3 వరుసలో నడిపించిన కాలం
8.4 బొమ్మలతో చెప్పిన కాలం
8.5 షికాగో, 1958: బోధనకు ఉన్న హద్దు
8.6 చేయవలసిన పనిని నేర్పిన కాలం
8.7 భారతదేశ అనుభవం
8.8 చరిత్ర నేర్పే సూత్రాలు
8.9 సారాంశం
8.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
8.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

8.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• చిన్నపిల్లలకు అగ్ని భద్రతను చెప్పే పద్ధతి 19వ శతాబ్దం నుంచి ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• ఆ మార్పులకు కారణమైన ముఖ్య ఘటనలను కాలక్రమంలో పేర్కొనగలుగుతారు.
• పిల్లలకు ఇచ్చే సందేశానికీ పెద్దల బాధ్యతకూ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• మీ ఊరి బడిలోనో అంగన్‌వాడీలోనో ఇవ్వదగిన సందేశాలను రూపొందించగలుగుతారు.

8.1 పరిచయం

"నిప్పు ముట్టుకోకు, కాలుతుంది." ఈ మాట వినకుండా పెరిగినవారు మనలో దాదాపు ఉండరు. పొయ్యి వైపు పాకే బిడ్డను వెనక్కి లాగుతూ ఇంట్లో పెద్దవాళ్ళు తరతరాలుగా చెబుతున్న మాట ఇది. మాట మంచిదే, కాని అందులో ఒక లోటు ఉంది. నిప్పు దగ్గరకు పోకూడదని అది చెబుతుంది. నిప్పే మన దగ్గరకు వస్తే ఏం చేయాలో మాత్రం చెప్పదు.

ఇల్లు అంటుకున్నప్పుడు చిన్నపిల్లలు చాలాసార్లు బయటికి పరుగెత్తరు. మంచం కిందనో, బీరువాలోనో, తలుపు చాటునో దాక్కుంటారు. తమకు కనబడనిది తమను తాకదని ఆ వయసు పిల్లలు అనుకుంటారు. నిప్పు తమ చేతుల మీదుగానే అంటుకుంటే, తిడతారన్న భయం దానికి తోడవుతుంది. ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు తగిలించుకుని పొగలోంచి వచ్చే అగ్నిమాపక సిబ్బందిని చూసి బూచాడనుకొని ఇంకా లోపలికి జరిగే పిల్లలూ ఉంటారు. కాబట్టి పిల్లలకు అగ్ని గురించి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాజాలు కాలానుగుణంగా ఇచ్చిన సమాధానాలను ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం. అమెరికా ఉదాహరణలు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ బడులలో జరిగిన ఘోర ప్రమాదాలపై విస్తృతంగా విచారణలు జరిగాయి. పిల్లల కోసం ప్రత్యేక పాఠ్యప్రణాళిక కూడా అక్కడ రూపొందింది. ఆ తరువాత మన దేశ అనుభవాన్ని చూద్దాం.

8.2 భయపెట్టి చెప్పిన కాలం

అగ్గిపుల్ల రాకముందు నిప్పు పుట్టించడం శ్రమతో కూడిన పని. చెకుముకి రాయి కొట్టడం, పొయ్యిలో నివురుగప్పిన నిప్పును రాజేసుకోవడం పెద్దల చేతిలో ఉండేవి. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్‌లో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి గీస్తే అంటుకునే అగ్గిపుల్లలను అమ్మకానికి పెట్టాడు. కొద్ది దశాబ్దాలలో అగ్గిపెట్టె ఇంటింటి వస్తువైంది. దానితో నిప్పు మొదటిసారిగా పిల్లల చేతికి అందే ఎత్తులోకి వచ్చింది. పిల్లలను ఉద్దేశించిన ప్రత్యేకమైన హెచ్చరికల అవసరమూ అప్పుడే పెరిగింది.

ఆ హెచ్చరికలలో బాగా పేరుపొందినది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి చెందిన వైద్యుడు హైన్రిక్ హాఫ్‌మన్ రాసిన బొమ్మల పుస్తకం 'ష్ట్రువెల్‌పీటర్'. తన కొడుకు కోసం రాసుకున్న ఈ పుస్తకం 1845లో అచ్చయింది. అందులోని ఒక కథలో తల్లిదండ్రులు ఇంట లేని సమయంలో ఒక చిన్నారి అగ్గిపుల్లలతో ఆడుతుంది. ఇంట్లోని రెండు పిల్లులు వద్దని హెచ్చరిస్తాయి. పిల్ల వినదు. బట్టలు అంటుకుని చివరికి బూడిద, చెప్పులు మాత్రమే మిగులుతాయి.

ఈ కథను బోధనా దృష్టితో పరిశీలించండి. అగ్గిపుల్లతో ఆడితే ఏమవుతుందో పిల్లలకు బాగా గుర్తుండిపోతుంది. కాని బట్టలు అంటుకున్న క్షణంలో ఆ చిన్నారి ఏం చేసి ఉండాల్సిందో కథ చెప్పదు. పిల్లులు ఏడవగలిగాయే తప్ప దారి చూపలేదు. అదీగాక, అగ్గిపుల్ల పిల్లకు అందేచోట పెట్టి వెళ్ళిన పెద్దల సంగతి కథలో ప్రశ్నగా రానే రాదు. తప్పంతా పిల్లదే. భయపెట్టే పద్ధతిలోని ప్రధాన లోపం ఇదే. భయపడిన పిల్ల నిప్పుకు దూరంగా ఉండవచ్చు. అయితే పొరపాటున నిప్పు అంటుకుంటే ఆ సంగతిని దాచిపెడుతుంది, తానూ దాక్కుంటుంది.

8.3 వరుసలో నడిపించిన కాలం

19వ శతాబ్దం చివరికి అమెరికా, యూరపు నగరాలలో వందలాది పిల్లలు చదివే అంతస్తుల బడులు వెలిశాయి. ఒక్కొక్క పిల్లకు బుద్ధి చెప్పే పద్ధతి అక్కడ చాలదు. గంట మోగగానే అందరూ లేచి, వరుస కట్టి, తోసుకోకుండా బయటికి నడిచే 'ఫైర్ డ్రిల్' ఈ పరిస్థితిలో అలవాటైంది. పిల్లలకు ఏదో ఒక పనిని చేయించి నేర్పడం ఇందులోని ముందడుగు. దాని పరిమితిని 1908లో ఒక దుర్ఘటన బయటపెట్టింది.

ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరాన్ని ఆనుకుని కాలిన్‌వుడ్ అనే ఊరు ఉండేది. 1908 మార్చి 4న అక్కడి లేక్ వ్యూ పాఠశాలలో మంటలు రేగాయి. నేలమాళిగలో ముందు వైపు మెట్ల కింద మొదలైన నిప్పు ముందు ద్వారం దారిని మూసేసింది. డ్రిల్లుకు అలవాటుపడిన పిల్లలు వరుసలోనే దిగారు. ముందు దారిలో మంటలు కనబడగానే వరుస చెదిరింది. అందరూ వెనుక ద్వారం వైపు మళ్ళారు. అక్కడ మెట్ల అడుగున దారి ఇరుకుగా ఉంది. ముందున్నవారు పడ్డారు, వారి మీద వెనుకవారు పడ్డారు. తలుపు దాకా వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆ గుట్టలోంచి పిల్లలను లాగలేకపోయారు. 172 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు, కాపాడబోయిన మరొకరు చనిపోయారు.

ఈ ఘటన నుంచి రెండు పాఠాలు తీయవచ్చు. మొదటిది, ఒకే దారిని అలవాటు చేసిన డ్రిల్లు ఆ దారి మూసుకుపోయినప్పుడు పనికిరాదు. అందుకే 'రెండు దారులు తెలుసుకో' అన్నది ఈనాటి అగ్ని భద్రత బోధనలో ముఖ్యమైన సందేశం. రెండవది, చెప్పినట్టు నడుచుకున్న పిల్లలను ఆ భవనం కాపాడలేకపోయింది. ఈ రెండవ పాఠాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ జవాబును విడిగా రాసుకొని, పాఠ్యభాగం చివర ఇచ్చిన జవాబుతో పోల్చుకోండి.
ప్రశ్న: కాలిన్‌వుడ్ బడిలో డ్రిల్లు అలవాటున్నా పిల్లలు ఎందుకు బయటపడలేకపోయారు?

8.4 బొమ్మలతో చెప్పిన కాలం

1871 అక్టోబరులో జరిగిన షికాగో మహా అగ్నిప్రమాదాన్ని గుర్తుచేసుకుంటూ, దాని 40వ వార్షికోత్సవమైన 1911 అక్టోబరు 9న అమెరికాలో అగ్ని నివారణ దినం పాటించారు. 1920లలో అది వారోత్సవంగా పెరిగింది. 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ దానిని జాతీయ వారంగా ప్రకటించాడు. బడి పిల్లలకు అగ్ని గురించి చెప్పడానికి ఏటా ఒక సందర్భం ఇలా ఏర్పడింది. అయినా పెద్దల కోసం రాసిన ఉపన్యాసాలు పిల్లల మనసుకు ఎక్కవు. వారికి చెప్పడానికి ఒక స్నేహితుడు కావాలి.

ఆ స్నేహితుడు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దొరికాడు. అడవుల దహనాన్ని ఆపే ప్రచారానికి మొదట వాల్ట్ డిస్నీ సంస్థ తన 'బాంబి' చిత్రంలోని జింకపిల్లను ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. గడువు ముగియడంతో ప్రచారకులు సొంత పాత్రను సృష్టించుకోవాల్సి వచ్చింది. 1944లో చిత్రకారుడు ఆల్బర్ట్ స్టేలీ టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ గీశాడు. అదే 'స్మోకీ బేర్'. 1950లో న్యూ మెక్సికో అడవి మంటల్లో కాళ్ళు కాలిన ఒక ఎలుగు పిల్లను కాపాడి, అదే పేరుతో వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలకు తరలించారు. దానికి పిల్లలు రాసే ఉత్తరాలు ఎంతగా పెరిగాయంటే, 1964లో ఆ ఎలుగుబంటికి ప్రత్యేకంగా ఒక పోస్టల్ కోడ్ కేటాయించారు. ఇళ్ళలోని నిప్పు గురించి చెప్పడానికి అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం 1951లో 'స్పార్కీ' అనే కుక్క పాత్రను తెచ్చింది. బ్రిటన్‌లో 1973 నుంచి ఒక బాలుడు, అతని పిల్లి 'చార్లీ' కలిసి టెలివిజన్‌లో పిల్లలకు భద్రత గురించి చెప్పేవారు. అగ్గిపెట్టె కనబడితే ఏం చేయాలన్నది అందులో ఒక అంశం.

హాఫ్‌మన్ కథలోనూ పిల్లులున్నాయి, బ్రిటిష్ చిత్రంలోనూ పిల్లి ఉంది. తేడా గమనించండి. మొదటి పిల్లులు చావును చూసి ఏడ్చాయి. చార్లీ మాత్రం వెళ్ళి అమ్మకు చెప్పమంటుంది. ఈ మధ్యకాలంలో పిల్లవాడు తప్పు చేసే మనిషి స్థానం నుంచి, పని చేయగల మనిషి స్థానానికి వచ్చాడు.

అయితే బొమ్మ గుర్తున్నంతగా సందేశం గుర్తుండకపోవచ్చు. పిల్లలు ఎలుగుబంటిని ప్రేమిస్తారు. పొగలో ఏం చేయాలని అడిగితే జవాబు తెలియక నిలబడవచ్చు. బొమ్మ పిల్లల చెవిని మన వైపు తిప్పుతుంది. ఆ చెవిలో ఏం వేస్తామన్నది వేరే ప్రశ్న.

8.5 షికాగో, 1958: బోధనకు ఉన్న హద్దు

1958 డిసెంబరు 1న షికాగోలోని అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ పాఠశాలలో, బడి వదిలే వేళకు కొద్దిసేపటి ముందు, మెట్ల అడుగున చెత్త డబ్బాలో నిప్పు అంటుకుంది. మెట్ల దారి పై అంతస్తు వసారాలోకి తలుపు లేకుండా తెరుచుకుని ఉండేది. పొయ్యి గొట్టంలో ఎగసినట్లు పొగ, వేడి పైకి ఎగసి వసారాను కమ్మేశాయి. తరగతి తలుపు తీస్తే పొగ, కిటికీ నుంచి చూస్తే చాలా లోతున నేల. ఎందరో పిల్లలు కిటికీల నుంచి దూకారు. 92 మంది పిల్లలు, ముగ్గురు సన్యాసినులైన ఉపాధ్యాయినులు మరణించారు.

ఆ బడిలోనూ ఫైర్ డ్రిల్లులు జరిగేవి. కొద్ది వారాల ముందు తనిఖీలోనూ ఆ భవనం నెగ్గింది. పాత భవనం కావడంతో కొత్త నిబంధనల నుంచి దానికి మినహాయింపు ఉండేది. పైనుంచి నీరు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. ఈ ఘటన తరువాత అమెరికా అంతటా బడి భవనాల నిబంధనలను సమీక్షించారు. అలారాలు, మెట్ల దారులకు తలుపులు, స్ప్రింక్లర్లు విస్తరించాయి.

మనం గుర్తుంచుకోమన్న రెండవ పాఠం ఇక్కడ పూర్తవుతుంది. 'వరుసలో బయటికి నడువు' అని పిల్లలకు చెప్పడం ఒక ఆజ్ఞ మాత్రమే కాదు. 'నువ్వు నడిస్తే దారి ఉంటుంది' అని పెద్దలు ఇచ్చే హామీ కూడా. ఆ హామీని నిలబెట్టుకోకుండా ఇచ్చిన సందేశం ఎంత బాగా నేర్పినా సగమే.

8.6 చేయవలసిన పనిని నేర్పిన కాలం

1973లో అమెరికా జాతీయ అగ్ని నివారణ, నియంత్రణ కమిషన్ 'అమెరికా బర్నింగ్' అనే నివేదికను వెలువరించింది. ఏటా సుమారు 12,000 మంది అగ్నికి బలవుతున్నారని అది అంచనా వేసింది. నిప్పును ఆర్పడానికి పెట్టే శ్రద్ధతో పోలిస్తే నివారణపైన, ప్రజల శిక్షణపైన పెట్టే శ్రద్ధ బాగా తక్కువని విమర్శించింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మన సామెత చెప్పేది కూడా ఇదే.

ఈ నేపథ్యంలో జాతీయ అగ్ని రక్షణ సంఘం 1970లలో నటుడు డిక్ వాన్ డైక్‌తో టెలివిజన్ ప్రకటనలు చేయించింది. 1979లో 'లర్న్ నాట్ టు బర్న్' అనే పాఠ్యప్రణాళికను బడులకు అందించింది. పిల్లవాడు శరీరంతో చేసి చూపగల పనులను పాఠానికి కేంద్రం చేయడం దీని ప్రత్యేకత. 'అగ్ని ప్రమాదకరం' అన్నది సమాచారం. 'పొగ కింద పాకుతూ బయటికి వెళ్ళు' అన్నది పని. చిన్నపిల్లలు సమాచారాన్ని కంటే పనినే బాగా గుర్తుపెట్టుకుంటారు.

ఈ దృక్పథంలో చిన్నపిల్లలకు నేర్పే ముఖ్యమైన పనులు ఇవి:
• అగ్గిపెట్టె, లైటరు కనబడితే ముట్టుకోకుండా పెద్దవాళ్ళకు చెప్పడం.
• పొగ కమ్మితే నేలకు దగ్గరగా పాకుతూ బయటికి రావడం. వేడి పొగ పైకి పోతుంది కాబట్టి నేల దగ్గర గాలి మెరుగ్గా ఉంటుంది.
• బయటికి వచ్చాక ముందే అనుకున్న చోట నిలబడటం, బొమ్మ కోసమో కుక్కపిల్ల కోసమో మళ్ళీ లోపలికి పోకపోవడం.
• బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, నేల మీద పడుకొని, ముఖం చేతులతో కప్పుకొని దొర్లడం.
• కాలిన చోట వెంటనే చల్లని నీళ్ళు పోయించుకోవడం.
• అగ్నిమాపక సిబ్బంది వస్తే దాక్కోకుండా వారి దగ్గరకు వెళ్ళడం.

ఇక్కడా ఒక చిక్కు ఎదురైంది. 'ఆగు, పడుకో, దొర్లు' అన్న మూడు మాటలు ఆటలా ఉండటంతో పిల్లలకు అన్నిటికంటే బాగా పట్టుబడ్డాయి. దానితో పొగ గురించి అడిగినా, అలారం గురించి అడిగినా కొందరు పిల్లలు నేల మీద దొర్లి చూపసాగారు. పని నేర్పితే చాలదు, ఆ పని ఎప్పుడు చేయాలో కూడా నేర్పాలి. 'బట్టలు అంటుకున్నప్పుడే దొర్లాలి, పొగ వస్తే పాకాలి' అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చేయించడం అందుకే అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ప్రశ్న: 1979 పాఠ్యప్రణాళిక అంతకుముందు పద్ధతుల కంటే ఏ విషయంలో భిన్నమైనది?

8.7 భారతదేశ అనుభవం

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికీన్' నౌక పేలిపోయింది. మంటలను ఆర్పుతూ మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా ఆ తేదీని మనం అగ్నిమాపక సేవా దినంగా, ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవంగా జరుపుకుంటున్నాం. సిబ్బంది బడులకు వచ్చి ప్రదర్శనలు ఇచ్చే సందర్భం ఇదే. తెలుగు ప్రాంతాలలో ఎండలు ముదిరి, తాటాకు ఇళ్ళు, గడ్డివాములు అంటుకునే రోజులు కూడా ఇవే.

మన దేశంలో పిల్లలను బలిగొన్న రెండు ఘటనలు ఇక్కడ ముఖ్యం. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవంలో షామియానా అంటుకుని 400 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు, స్త్రీలు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో రేగిన నిప్పు పై అంతస్తు తరగతుల మీది కొబ్బరాకుల పాకకు పాకింది. మండే కప్పు పిల్లల మీద కూలింది. దిగే మెట్లు ఇరుకైనవి. 94 మంది చిన్నారులు చనిపోయారు.

కుంభకోణం తరువాత దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు ఇచ్చింది. అవినాశ్ మెహ్రోత్రా వర్సెస్ భారత ప్రభుత్వం అన్న ఈ కేసులో, విద్యాహక్కులోనే సురక్షితమైన బడిలో చదివే హక్కు ఉందని న్యాయస్థానం స్పష్టం చేసింది. బడి భవనాలు జాతీయ భవన నియమావళి ప్రకారం ఉండాలని, మంటలార్పే పరికరాలు అందుబాటులో ఉంచాలని, వాటి వాడకంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. షికాగో 1958లో నేర్పిన పాఠం మనకు చట్టం మాటగా వచ్చింది ఇక్కడే. ఆదేశం ఉన్నంత మాత్రాన మెట్ల కింద పేర్చిన పాత బల్లలు వాటంతట అవి తొలగిపోవని మాత్రం మరవకండి.

8.8 చరిత్ర నేర్పే సూత్రాలు

మీలో కొందరు ఇప్పటికే బడులలో, అంగన్‌వాడీలలో పనిచేస్తూ ఉండవచ్చు. మిగిలినవారి ఇళ్ళలో పిల్లలుంటారు. పైన చూసిన చరిత్ర నుంచి ఈ సూత్రాలను మీరు ఆచరణలోకి తీసుకోవచ్చు.

1. 'చేయకు' అన్న ప్రతి మాటకూ ఒక 'చేయి' జతచేయండి. 'అగ్గిపెట్టె ముట్టుకోకు' అని ఆగకుండా, 'కనబడితే నాకు చెప్పు' అనండి. చెప్పిన బిడ్డను మెచ్చుకోండి. ఒక్కసారి తిట్టినా మరోసారి చెప్పడు.
2. ఒకసారికి ఒకటి రెండు సందేశాలే ఇవ్వండి. నాలుగేళ్ళ బిడ్డకు పది నియమాలు చెబితే ఒక్కటీ మిగలదు.
3. నోటితో చెప్పింది ఒంటితో చేయించండి. ఒక దుప్పటిని ఇద్దరు నడుము ఎత్తున పట్టుకుంటే అదే పొగ అవుతుంది. దాని కింద పిల్లలు పాకుతారు.
4. కాలిన ఒంటి ఫొటోలు, దయ్యాల కథలు వద్దు. దీపావళి ముందు భయపెట్టడం కంటే పక్కన పెద్దవారు ఉండటం, నూలు బట్టలు వేయడం, బకెట్టు నీళ్ళు పెట్టుకోవడం మేలు.
5. అగ్నిమాపక సిబ్బందిని పిలిచినప్పుడు, వారు మామూలు మనిషిగా వచ్చి, పిల్లల కళ్ళ ముందే ఒక్కొక్కటిగా కోటు, హెల్మెట్, మాస్కు వేసుకోమని కోరండి. లోపల ఉన్నది 'మామయ్య' అని పిల్లలకు తెలియాలి.
6. 101, 112 నంబర్లతో పాటు ఊరి పేరు, వీధి, ఇంటి గుర్తు చెప్పడం నేర్పండి. ఫోను చేయడం బయటికి వచ్చాకే అని నొక్కి చెప్పండి.
7. నిద్రలో ఉన్న చిన్నపిల్లలు అలారం మోతకు చాలాసార్లు మేలుకోరు. రాత్రివేళ ఎవరు ఎవరిని లేపాలో పెద్దలే ముందుగా నిర్ణయించుకోవాలి.
8. సందేశం ఇచ్చే ముందు దారి చూడండి. 'రెండు దారులు తెలుసుకో' అని చెప్పే గదికి రెండో దారి ఉందా? ఉన్న తలుపుకు తాళం ఉందా? లేని దారిని పిల్లలకు నేర్పకూడదు.

8.9 సారాంశం

అగ్గిపుల్ల ఇంటింటికీ చేరిన 19వ శతాబ్దంలో పిల్లలను భయపెట్టి హెచ్చరించారు. పెద్ద బడులు వచ్చాక వరుసలో నడవడం నేర్పారు. ఒకే దారికి అలవాటుపడితే వచ్చే ప్రమాదాన్ని 1908 నాటి కాలిన్‌వుడ్ ఘటన చూపింది. 1944 తరువాత స్మోకీ, స్పార్కీ వంటి పాత్రలు పిల్లల శ్రద్ధను సంపాదించాయి. బోధన మాత్రమే చాలదని, భవనం కూడా పిల్లలకు సహకరించాలని 1958 నాటి షికాగో ఘటన తెలిపింది. 1979 పాఠ్యప్రణాళిక చేయగల పనులను బోధనకు కేంద్రం చేసింది. మన దేశంలో కుంభకోణం దుర్ఘటన తరువాత 2009 తీర్పు సురక్షితమైన బడిని పిల్లల హక్కుగా గుర్తించింది. పిల్లలు చేయవలసిన పని చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. ఆ పని ఫలించేలా చూడవలసిన భారం పెద్దలది.

8.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. ముందు ద్వారం దారిని మంటలు మూసేశాయి. వరుస చెదిరి పిల్లలందరూ వెనుక ద్వారం వైపు మళ్ళారు. అక్కడి దారి ఇరుకుగా ఉండటంతో ఒకరి మీద ఒకరు పడి చిక్కుకుపోయారు.
2. భయం, హెచ్చరిక, సమాచారం స్థానంలో పిల్లలు స్వయంగా చేసి చూపగల పనులను అది బోధనకు కేంద్రంగా తీసుకుంది.

8.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చిన్నపిల్లలకు అగ్ని భద్రత బోధనలో 1845 నుంచి 1979 వరకు వచ్చిన మార్పులను వివరించండి.
2. 'పిల్లలకు ఇచ్చే భద్రతా సందేశం పెద్దలు ఇచ్చే హామీ కూడా' – కాలిన్‌వుడ్, షికాగో, కుంభకోణం ఘటనల ఆధారంగా చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అగ్ని నివారణ ప్రచారంలో బొమ్మ పాత్రల ప్రయోజనం, పరిమితి తెలపండి.
2. 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పులోని ముఖ్యాంశాలు రాయండి.

III. అభ్యాస కృత్యం
మీ ఊరి బడికి గాని అంగన్‌వాడీకి గాని వెళ్ళి, అక్కడివారి అనుమతితో బయటికి వచ్చే దారులను గీసి పటం తయారుచేయండి. అడ్డుగా ఉన్న వస్తువులను గుర్తించండి. వాటిని తొలగించిన తరువాత ఆ పిల్లలకు నేర్పదగిన రెండు సందేశాలను, వారికి అర్థమయ్యే మాటల్లో రాయండి.